తూటాల ప్రెస్సు, ఆగ్నేయ మూల

"అక్కా, తూటాలు చేసుకునే ప్రెస్సు కొంటున్నా. ఏది కొనాలో నువ్వొచ్చి చెప్పాలి" అని మా తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. కత్తి పక్కన పెట్టి, చెప్పింది మళ్ళీ చెప్పించుకున్నాను. చిన్నప్పుడు దీపావళికి చిచ్చుబుడ్డి అంటించాలంటే వెదురుకర్ర చివర కాకరపువ్వొత్తి కట్టుకుని, కళ్ళు మూసుకుని, మొహం పక్కకి తిప్పుకుని చెయ్యి చాపినవాడు వీడు. వీడికి తూటాలేమిటి?

వాడు కార్ల్స్‌రూహె శివార్లలో ఇల్లు కొనుక్కుని ఉంటున్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసులో తోటివాళ్ళు పిలిస్తే ఒకసారి షూటింగ్ క్లబ్బుకి వెళ్ళాడు. మన ఊళ్ళలో భజన మండలి ఉన్నట్టు ఇక్కడ ప్రతి చిన్న ఊళ్ళోనూ ఒక షూటింగ్ క్లబ్బు ఉంటుంది. శనివారాలు వెళ్ళి, పడుకుని, దూరంగా ఉన్న కాగితానికి గురిపెట్టి రైఫిలు కాల్చి, తర్వాత కాఫీ, కేకు తిని వస్తారు. వాడికది నచ్చింది. చేరిపోయాడు. అంతవరకూ నాకు తెలుసు. కాల్చాక మిగిలిన ఇత్తడి గొట్టాలు పారెయ్యకుండా, వాటిలో మళ్ళీ మందు నింపి, కొత్త గుండు బిగించి ఇంట్లోనే తూటాలు చేసుకుంటారని మాత్రం అప్పుడే తెలిసింది. ఆదివారం గోడకి మేకు కొడితే పక్కింటివాళ్ళు మొహం మాడ్చుకునే దేశంలో ఇంట్లో కూర్చుని తూటాలు చేసుకోవచ్చట!

"ఊరికే కాదక్కా. క్లాసులకి వెళ్ళాను. పరీక్ష రాశాను. పర్మిట్ ఇచ్చారు. అంట్ నుంచి సర్కారు ఆఫీసరు ముందే టైము చెప్పి టెర్మిన్ పెట్టుకుని ఇంటికొచ్చి మందు ఎక్కడ పెడతానో చూసి మరీ వెళ్ళాడు" అన్నాడు.

"మరి నేనెందుకు?"

"నీ మరదలు ఒప్పుకోవట్లేదు. చిన్నపిల్ల ఉన్న ఇంట్లో మందుగుండేంటి అంటోంది. చివరికి, వదిన చూసి సరేనంటే సరే, లేకపోతే లేదు అంది. ఇప్పుడు అంతా నీ చేతిలో ఉంది."

ఆ మాటకి నాకు కోపం రావలసింది. నిజం చెప్పాలంటే గర్వమే కలిగింది. మా మరదలు శుక్రవారం పూజ మానదు. నేను గుళ్ళోకి అడుగుపెట్టను. మా నాన్న మమ్మల్ని చిన్నప్పటి నుంచి సంస్కరణ సభలకి తీసుకెళ్ళేవాడు. వేదిక మీద పెద్దలు నాలుక మీద కర్పూరం వెలిగించి చూపిస్తుంటే, దాని వెనకున్న సైన్సు ఏమిటో ఇంటికొచ్చేలోపు మేం చెప్పాలి. ముహూర్తాల మీద, బాబాల మీద రాసిన వ్యాసాలకి నాకు వచ్చిన తిట్లు కట్టగడితే ఒక గోనెసంచి నిండుతుంది. అలాంటి నా మాట మీద, పూజలు చేసుకునే ఆ అమ్మాయి తన బిడ్డ భద్రత పెట్టింది. తర్కానికి ఇంతకన్నా మర్యాద ఏముంటుంది అనుకున్నాను.

శనివారం పొద్దున్న రైల్లో వెళ్ళాను. స్టేషనుకి వాడు కారు తెచ్చాడు. తిన్నగా ఊరి చివర ఉన్న దుకాణానికి వెళ్ళాం. కొనేవాళ్ళు చెయ్యి పెట్టి చూసుకోవడానికి గల్లా బల్లకి రెండు ప్రెస్సులు బిగించి ఉంచారు. మొదటిది పోతపోసిన ఇనుప చట్రం, దానికి ఒక పిడి. మన చేతి బోరింగు పిడిని పొట్టిది చేసి బల్లకి తగిలించినట్టు ఉంది. పిడి ఒకసారి కిందికి నొక్కితే ఒక్క పనే జరుగుతుంది. పాత గొట్టాన్ని సరిచేసే పని అన్ని గొట్టాలకీ అయ్యాక, లోపలి అచ్చు మార్చి రెండో పని మొదలుపెట్టాలి. రెండోది పెద్దది. దానికో గుండ్రటి పళ్ళెం, పైన మందు పోసే గొట్టం. పిడి నొక్కినప్పుడల్లా పళ్ళెం ఒక మెట్టు తిరుగుతుంది. ఒక గొట్టం సరవుతుండగానే ఇంకోదాంట్లో మందు పడుతుంది, మరోదానికి గుండు బిగుస్తుంది.

అమ్మేవాడు పెద్దదాని పిడి నొక్కి చూపించాడు. పళ్ళెం టక్కుమని తిరిగింది. మా తమ్ముడి కళ్ళు కూడా దాంతోపాటు తిరిగాయి.

"మీరు ఇంజనీరు కదా. ఇంజనీర్లందరూ చివరికి దీనికే వస్తారు. ఇప్పుడే కొంటే నా దగ్గరికి మళ్ళీ రావలసిన పని తప్పుతుంది" అన్నాడతను.

నేను అడిగాను. "ఒక దాంట్లో మందు పడకపోయినా, రెండుసార్లు పడినా వీడికెలా తెలుస్తుంది?"

"చూసుకోవాలి."

"అన్ని పనులూ ఒకేసారి జరుగుతుంటే దేన్ని చూసుకోవాలి?"

"అలవాటవుతుంది మేడమ్."

"అలవాటయ్యే లోపు?"

అతను నవ్వి మా తమ్ముడి వైపు తిరిగాడు. "మీ అక్కగారు లాయరా?"

"అంతకంటే ఘోరం" అన్నాడు వీడు. గొంతు తగ్గించే అన్నాడు గానీ నాకు వినబడింది.

నేను వదల్లేదు. కొత్తగా నేర్చుకునేవాడికి వేగంతో పనేమిటి? వీడేమైనా యుద్ధానికి వెళ్తున్నాడా, శనివారం కాగితాన్ని కాల్చడానికి వెళ్తున్నాడా? ఒక్కో గొట్టం చేతిలోకి తీసుకుని, లోపలికి చూసి, అప్పుడు ముందుకి వెళ్ళే యంత్రమే మనిషిని జాగ్రత్తగా ఉంచుతుంది. నెమ్మదిగా ఉండటం దాని లోపం కాదు, అదే దాని గుణం. ఇలా నేను మాట్లాడుతుండగా మా తమ్ముడు జేబులోంచి టేపు తీసి చిన్నదాని అడుగుభాగం వెడల్పు కొలిచాడు. పిడి పూర్తిగా దింపితే ఎంత జాగా కావాలో కొలిచాడు. పెద్దదాన్నీ కొలిచాడు. టేపు లోపలికి పోనిచ్చి, "నువ్వన్నదే కరెక్టక్కా. చిన్నదే తీసుకుందాం" అన్నాడు.

నేను నిర్ఘాంతపోయాను. మా ఇంట్లో నా మాటకి ఎవరైనా ఎదురు చెప్పకుండా ఒప్పుకోవడం అదే మొదలు. పెళ్ళి ముహూర్తం దగ్గర నుంచి గృహప్రవేశంలో ఆవు బొమ్మ దాకా వీడితో నేను వాదించి ఓడిపోని సందర్భం లేదు. దారిలో ట్రామ్ పట్టాల పక్కన కారు ఆగి ఉంటే, ఎదుటివాడికి కారణం చూపిస్తే ఎప్పటికైనా ఒప్పుకుంటాడు అని మా నాన్న అనే మాట గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఇంటికెళ్ళేసరికి మరదలు వంకాయ కూర, మజ్జిగపులుసు చేసి ఉంచింది. ఏడేళ్ళ పాప నా దగ్గరికొచ్చి, తెలుగులో పలకరిస్తే జర్మన్‌లో జవాబు చెప్పి, పళ్ళెం పట్టుకుని బల్ల చివర కూర్చుంది. మరదలు వడ్డిస్తూ నెమ్మదిగా అడిగింది.

"వదినా, నిజంగా భయం లేదంటారా?"

"లేదమ్మా. పెద్దది కొననివ్వలేదు. ఒక్కోటీ చూసుకుంటూ చేసేదే కొనిపించాను."

"మీరు చూశారుగా. అయితే సరే" అని నా కంచంలో ఇంకో గరిటె కూర వేసింది. మొగుడి వైపు తిరిగి, "మీరు చెప్తే నమ్మేదాన్ని కాదు" అంది.

"నేనేం చేశాను?" అన్నాడు వాడు.

"బాగుచేస్తానని ఆ మైక్రోవేవ్ పేల్చింది ఎవరో మరి" అంది. నవ్వులతో భోజనం ముగిసింది.

మర్నాడు ఆదివారం, డ్రిల్లు మోగించకూడదు. అందుకని భోజనం అవగానే వాడు డ్రిల్లు పెట్టె పట్టుకుని కెల్లర్‌లోకి దిగాడు. ఇంటి కిందుండే ఆ గదిలో మనవాళ్ళు బియ్యం బస్తాలు, సూట్‌కేసులు, చలికోట్లు పెట్టుకుంటారు. ప్రెస్సు అట్టపెట్టె ఒక పక్క పట్టుకుని నేనూ దిగాను. నేను ఆ మెట్లు దిగడం అదే మొదటిసారి.

దిగగానే ఎదురుగా చిన్న కిటికీ, దాని కింద గోడ పొడుగునా దిట్టమైన చెక్క బల్ల. పని చేసుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. నేను అక్కడ ఆగాను. వాడు ఆగలేదు. ఆరేసిన బట్టలు తప్పించుకుని, అటు చివరికి నడిచాడు. అక్కడ ఇంటిని వెచ్చబెట్టే హైట్సుంగ్ బాయిలర్ ఉంది. పాతది, గ్యాసుతో నడిచేది, బీరువా అంత ఉంది. దానికీ గోడకీ మధ్య మిగిలిన సందులో కొత్త పలక ఒకటి బిగించి ఉంది. పలకకి పైన, గోడకి తాళం వేసిన చెక్క పెట్టె.

"ఇదేంట్రా?"

"ఇక్కడే అక్కా. చూడు, చిన్నది ఎంత కరెక్టుగా సరిపోతుందో. పెద్దదైతే పట్టేది కాదు."

తాళం తీసి పెట్టె తెరిచాడు. లోపల మందు డబ్బాలు. సరిగ్గా అప్పుడే బాయిలర్ టిక్కుమంది. బుస్సుమని అంటుకుంది. దాని చిన్న గాజు కన్నంలోంచి నీలం మంట కనబడింది. పెట్టె పక్కగా పోతున్న బాయిలర్ గొట్టం మీద చెయ్యి పెడితే చురుక్కుమంది.

నా చెయ్యి దానంతటదే డబ్బా మీదికి పోయింది. వాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ముట్టుకోకక్కా. నీకు పర్మిట్ లేదు, చట్టం ఒప్పుకోదు."

ఆ మాట అన్నది మా తమ్ముడే. బాయిలర్ పక్కన నిలబడి అన్నాడు.

"ఆఫీసరు ఇక్కడే పెట్టమన్నాడా?"

"లేదు, అప్పుడు కిటికీ గోడకి ఉండేది పెట్టె. తర్వాత మార్చాను."

"ఎందుకు మార్చావు?"

వాడు డ్రిల్లు వైరు చిక్కు తీస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు. "అది ఈశాన్యం. ఈశాన్యంలో నిప్పు సామాను పెడితే ఇంటి యజమానికి గండం. మందుగుండు ఆగ్నేయంలోనే ఉండాలి. సిద్ధాంతిగారు వీడియోలో ఇల్లంతా చూసి చెప్పారు."

దుకాణంలో టేపు ఎందుకు బయటికొచ్చిందో అప్పుడు అర్థమైంది. నేను గంటసేపు చెప్పిన కారణాల్లో ఒక్కటీ వాడి చెవికి చేరలేదు. ఆ సందులో పట్టేది చిన్నదే కాబట్టి చిన్నది కొన్నాడు. నేను చెప్పిందీ, సిద్ధాంతి చెప్పిందీ పొరపాటున ఒకే యంత్రం దగ్గర కలిశాయి. దాన్ని నేను గెలుపనుకున్నాను. దారి తప్పినవాడు మన ఇంటి ముందు ఆగితే చుట్టమొచ్చాడనుకున్నట్టు.

"పరీక్షలో మందు ఎక్కడ పెట్టాలని అడగలేదా?" అన్నాను.

"అడిగారు."

"ఏం రాశావు?"

"వేడికీ, మంటకీ దూరంగా అని."

"మరి?"

"అది పరీక్షక్కా. ఇది ఇల్లు."

ఇంజనీరింగు చదివిన మనిషి, పరీక్షలో ఆ ప్రశ్నకి సరైన జవాబు రాసిన మనిషి ఈ మాట అనగలడంటే మన చదువులు మనలో ఎక్కడ ఉంటున్నాయి? చెప్పులు వాకిట్లో విప్పినట్టు గుమ్మం దగ్గర విప్పి లోపలికి వెళ్తున్నామా? మూఢనమ్మకం చదువులేనివాళ్ళ జబ్బు అని మా సభల్లో మాట్లాడేవాళ్ళం. చదువు రాగానే పోతుందని ఎంత అమాయకంగా నమ్మాం!

కోపంలో మనిషి తెలివి తప్పుదారి పడుతుంది. నాదీ పడింది. "నీ ఆగ్నేయం దేంతో చూశావు? ఫోనులో దిక్సూచితోనా? ఇంత ఇనుము పక్కన పెడితే దిక్సూచి సరిగ్గా చూపిస్తుందా?" అన్నాను. ఫోను తీసి ప్రెస్సు దగ్గర పెట్టించాను. ముల్లు గిరగిరా తిరిగింది. చూశావా అన్నట్టు నిలబడ్డాను. వాడి మొహంలో నిజంగానే కంగారు కనబడింది.

"అయ్యో, అయితే అసలు ఆగ్నేయం ఎక్కడుందో!" అని మెట్లెక్కి పెరట్లోకి పరిగెత్తాడు. కిటికీలోంచి చూస్తే గడ్డి మధ్యలో నిలబడి ఫోను ఎత్తి పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నాడు. పక్కింటి జర్మన్ ముసలాయన కంచె మీద నుంచి చెయ్యి ఊపాడు. వీడూ ఊపాడు. తిరిగొచ్చి, "అదే మూల అక్కా. బతికిపోయాను" అన్నాడు. నేను వాడి నమ్మకాన్ని కూలుద్దామనుకుని, దాని కొలత సరిచేసి చేతికిచ్చాను.

అప్పటికి మా గొంతులు పైకి వినిపించినట్టున్నాయి. మరదలు బట్టల బుట్ట పట్టుకుని దిగింది. పెట్టె చూసింది. బాయిలర్ చూసింది. బుట్ట కింద పెట్టింది.

"అక్క ఊరికే గొడవ చేస్తోంది. ఆయన్నే అడుగుదాం" అని వాడు బెజవాడకి వీడియో కాల్ కలిపాడు. తెర మీద సిద్ధాంతి విభూతి మొహం వచ్చింది. వెనక ఎక్కడో టీవీ మోగుతోంది.

"గురువుగారూ, మీరు చెప్పిన ఆగ్నేయ మూలలోనే ఇల్లు వేడి చేసే బాయిలర్ కూడా ఉందండీ. గ్యాసుది. లోపల మంట ఉంటుంది. ఫర్లేదాండీ?"

"బాయిలరుందా? దివ్యంగా ఉంది నాయనా! అగ్నికి అగ్ని తోడు. ఇంతకంటే శుభం లేదు. కదిలించకు."

నా జీవితంలో ఎన్నో వాదనలు విన్నాను. చెవిలో సీసం పోసినట్టు తగిలిన మాట అదొక్కటే. నోరు తెరవబోయాను. ఆ లోపే మరదలు ముందుకొచ్చి ఫోను తీసుకుంది.

"నమస్కారమండీ. ఈ మూలకి సరిగ్గా పైనే మా పాప పడుకునేది."

"ఏం భయం లేదు తల్లీ. సంతానానికి తేజస్సు."

"అలాగాండీ. అయితే టికెట్ పంపిస్తాం, మీరొచ్చి ఈ సందులో చాపేసుకుని పడుకోండి. మీకూ తేజస్సు వస్తుంది" అని కాల్ కట్ చేసింది.

మా తమ్ముడు "అదేంటే, పెద్దాయన్ని పట్టుకుని..." అన్నాడు.

"మీరు మాట్లాడకండి. దేవుడికి దణ్ణం పెట్టేదాన్ని నేను. మంట పక్కన మందు పెట్టమని నా దేవుడు నాకెప్పుడూ చెప్పలేదు." గొంతు పెంచలేదు. పైన పాప మంచం ఉండే చోటికి వేలు చూపించింది. తర్వాత నా వైపు తిరిగింది.

"వదినా, మీరు సరే అన్నారని నేను సరే అన్నాను. అనేముందు ఈ కెల్లర్ చూశారా?"

'మీరు చూశారుగా' అని అన్నం దగ్గర ఆ అమ్మాయి అన్నప్పుడు నేను తల ఊపాను. నేను చూసింది యంత్రాన్ని. దాన్ని ఎక్కడ పెడతారో అడగాలని కూడా నాకు తట్టలేదు. ఎదుటివాడు ఒప్పుకున్నాడు కాబట్టి సంగతి తేలిపోయింది అనుకున్నాను. ఆ అమ్మాయి నన్ను అడిగింది వాదించి పెట్టమని కాదు, చూసి పెట్టమని. తన బిడ్డ మంచం కింద ఏముందో చూడమని. వాడు పరీక్షని గుమ్మంలో విప్పాడని అనుకున్నాను కదా, నేను గుమ్మం దాకా కూడా రాలేదు.

"చూడలేదమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి నన్ను క్షమించాననీ అనలేదు, తిట్టనూ లేదు. మొగుడితో, "ఆ డబ్బాలు మీరే తియ్యాలంటగా, చట్టమంటగా. తియ్యండి. ఇప్పుడే. ఈ ఇంట్లో ఏ మూలా వద్దు" అంది. వాడు ఏదో అనబోయి, ఆమె వేలు చూపించిన పైకప్పు వైపు చూశాడు. ఆ పైన ఎవరు పడుకుంటారో అప్పుడే గుర్తొచ్చినట్టుంది. డబ్బాలు ఒక్కొక్కటే దించి వేరే పెట్టెలో సర్దుకున్నాడు. క్లబ్బుకి ఫోన్ చేస్తే, అక్కడ తూటాలు చేసుకునే గది, మందు దాచుకునే చోటు ఉన్నాయి, తెచ్చుకోమన్నారు. బాయిలర్ ఆ రోజంతా ఎన్నిసార్లు టిక్కుమందో, అన్నిసార్లూ నేను ఉలిక్కిపడ్డాను.

చలికాలం పోయాక వాడు నన్ను క్లబ్బుకి తీసుకెళ్ళాడు. ప్రెస్సుని అక్కడి గదిలో ఒక బల్లకి బిగించుకున్నాడు. తోటివాళ్ళు కూడా దాన్ని వాడుతున్నారట. ఒక గొట్టం తీసి, వెలుతురులోకి ఎత్తి లోపలికి చూసి, పిడి నెమ్మదిగా దించి, ఇంకోటి తీశాడు. పని శ్రద్ధగానే చేస్తున్నాడు. నేను గది చుట్టూ చూశాను. కిటికీ దగ్గర ఖాళీ బల్లలు చాలా ఉన్నాయి. వీడిది మాత్రం మూలగా ఉంది.

"ఇది ఏ మూలరా?"

వాడు పిడి ఆపాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఆగ్నేయం" అన్నాడు. వెంటనే, "కానీ ఇక్కడ బాయిలర్ లేదక్కా. హైట్సుంగ్ గొట్టం కూడా లేదు. చూశాను" అన్నాడు.

"ముందు గోడ చూశావా, ముందు దిక్కు చూశావా?"

"ముందు గోడే చూశాను. నీ మరదలు కూడా వచ్చి చూసింది. గోడ తడిమి మరీ చూసింది."

ఆగ్నేయం మీద నా దగ్గర చెప్పడానికి చాలా ఉంది, ఎప్పటికీ ఉంటుంది. కానీ ఆ రోజు లేచి గోడ దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించాను. చల్లగా ఉంది. తర్వాత తలుపు తీసుకుని, ఆ గోడకి అవతల ఏముందో చూడ్డానికి వెళ్ళాను. చీపుళ్ళు, రెండు బకెట్లు, చిల్లులు పడిన పాత గురిపలకలు ఉన్నాయి. అటు గోడ కూడా తడిమి, తలుపు వేసి వచ్చాను.